చివరి ర్యాంకుకి మొదటి సీటు

2024 మార్చిలో ఒక శుక్రవారం. అప్పటికి తొమ్మిదేళ్ల మా వాడు బడి నుంచి వచ్చి, బ్యాగు గుమ్మంలోనే పడేసి, 48 నంబరు జెర్సీ పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. వాడికిష్టమైన ఐస్ హాకీ ఆటగాడు తొమాష్ హెర్టల్‌ని, వాడి జట్టు శాన్ హోసే షార్క్స్ వాళ్లు వేగస్ జట్టుకి ఇచ్చేశారట. అప్పుడు తెనాలి నుంచి వచ్చి మాతో ఉన్న అమ్మ అడిగింది: "ఇచ్చేయడానికి మనిషేమైనా గేదా?"

మాది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. పక్కనే శాన్ హోసే. హాకీ అంటే నాకు ధ్యాన్‌చంద్ ఒక్కడే తెలుసు, అదీ జీకే పుస్తకంలో. మంచు మీద ఆడే ఈ ఆట మావాడే నేర్పాడు. ఏరి కోరి వాడు పట్టుకున్న జట్టేమో అప్పటికి 2019 తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. 2023-24లో మొదటి పదకొండు మ్యాచుల్లో ఒక్కటీ గెలవలేదు, అందులో వరుసగా రెండింట్లో పదేసి గోల్స్ ఇచ్చుకున్నారు. మొత్తం 82 ఆడితే 19 గెలిచారు. లీగ్‌లో అట్టడుగు.

ఓడిపోవడం సరే. ఉన్న మంచివాళ్లని కూడా జనరల్ మేనేజర్ మైక్ గ్రియర్ ఒక్కొక్కళ్లనీ పంపించేయడమే నాకు మింగుడు పడలేదు. అంతకు ముందు వేసవిలోనే, గోల్సూ, గోల్‌కి ఇచ్చిన పాసులూ కలిపి సీజన్లో 101 పాయింట్లు చేసిన ఎరిక్ కార్ల్‌సన్ పిట్స్‌బర్గ్ వెళ్లిపోయాడు. ఎందుకురా అంటే, జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ అని ఒకటుందట, అందరికంటే కింద ఉన్న జట్టుకే దాని లాటరీలో మొదటి కుర్రాడు దొరికే అవకాశం ఎక్కువట, 25.5 శాతం. నేను గుంటూరులో హాస్టల్లో ఉండి చదివినదాన్ని. వారం వారం ర్యాంకులు బోర్డు మీద పెట్టేవారు, మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేవారు. చివరి ర్యాంకు వాడిని పిలిచి ముందు నువ్వు సీటు కోరుకో అనే కౌన్సెలింగ్ ఒకటి ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. "గ్యారంటీ ఏం లేదమ్మా, లాటరీ కదా" అన్నాడు వాడు, నేనేదో తప్పు పట్టినట్టు.

లాటరీ తగిలింది. మాక్లిన్ సెలెబ్రీనీ వచ్చాడు. మరుసటి ఏడు మళ్లీ చివరే, కానీ 3.5 శాతమే అవకాశం ఉన్న న్యూయార్క్ ఐలాండర్స్ జట్టుకి మొదటి పిక్, అంటే మొదట ఎంచుకునే వంతు, పోయింది, మనకి రెండోది, మైకేల్ మిసా. ఆ రోజు మావాడు ఏడవలేదు.

కొత్తగా తీసుకున్నవాళ్ల గురించి ఇంట్లో రోజూ పంచాయితీయే. టైలర్ టొఫోలీకి నాలుగేళ్లకి 24 మిలియన్ డాలర్లు అనగానే "గెలవని జట్టుకి అంత జీతమా!" అన్నారు మా ఆయన. పిల్లల మధ్య ఒక పెద్దవాడు ఉండాలి కదా అని నేను. డిఫెన్స్‌కి దిమిత్రి ఓర్లోవ్‌ని 2025 జులైలో రెండేళ్లకే తీసుకోవడం నాకు ఇంకా నచ్చింది. కుర్రాళ్లు ఎదిగేసరికి కుర్చీ ఖాళీ అవుతుంది.

ఫ్రిజ్ మీద మావాడు గీసిన బొమ్మ ఒకటి ఉంది. పైన హెర్టల్. కింద రెండు బాణాలు, హెర్టల్‌కి బదులు వేగస్ ఇచ్చినవి: ఒకటి ఎడ్‌స్ట్రోమ్ అనే కుర్రాడు, రెండోది డ్రాఫ్ట్‌లో వేగస్ ఫస్ట్ రౌండ్ పిక్. ఆ రెండూ కలిపి నాష్‌విల్ జట్టుకి ఇస్తే వచ్చిన గోల్‌కీపర్ అస్కరోవ్. హెర్టల్ పేరు చుట్టూ పచ్చ స్కెచ్ పెన్నుతో డబ్బా కట్టాడు. వేగస్ వాళ్లు ఆడటానికొస్తే ఇప్పటికీ ఆ 48 జెర్సీయే వేసుకుంటాడు, చేతులు పొట్టివైపోయినా సరే.

మా అమ్మకి మాత్రం సెలెబ్రీనీ బాగా నచ్చాడు, ఆట చూసి కాదు. పద్దెనిమిదేళ్లవాడు, మొదటి సీజన్ పాత షార్క్స్ ఆటగాడు జో థార్న్‌టన్ ఇంట్లో, వాళ్ల పిల్లలతో కలిసి ఉంటున్నాడని తెనాలికి ఫోన్ చేసి చెప్పాను. మా మేనమామ రేపల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉండే ఇంటర్ చదివాడు. హాకీలో అమ్మకి అర్థమైన మొదటి విషయం ఇదే.

2024 అక్టోబరు 10న సెలెబ్రీనీ మొదటి మ్యాచ్. ఇక్కడ రాత్రి అయిపోయేసరికి తెనాలిలో శుక్రవారం పొద్దున. మావాడే ఫోన్ చేశాడు.

"గెలిచారా?"

"లేదు అమ్మమ్మా. 4-1 మీద ఉండి 5-4తో ఓవర్‌టైమ్‌లో పోయింది."

"మరి మన పిల్లాడు?"

"గోల్ కొట్టాడు. కానీ దెబ్బ తగిలింది."

"అయ్యో. ఆ ఇంటావిడ చూసుకుంటోందా?"