నాన్నగారి రాత్రి కంచం

నాన్నగారికి షుగర్ అని తేలగానే ఇంట్లో అందరం స్వీట్ల మీద పడ్డాం. పూతరేకులు బంద్, కాఫీలో పంచదార బంద్. అయినా రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో అంకె 8 దగ్గరే ఆగింది (6.5 నుంచే షుగర్ కింద లెక్క). డాక్టరుగారు అడిగింది ఒక్కటే: "రాత్రి అన్నం ఎన్నింటికి తింటారు? ఎంత తింటారు?"

మా పాలకొల్లు వైపు కంచం నిండా తెల్లన్నం, అంచున కాస్త కూర. పాలిష్ బియ్యం త్వరగా గ్లూకోజ్‌గా మారిపోతుంది. పైగా పొద్దుపోయాక ఇన్సులిన్ పగటంత బాగా పనిచేయదు. పదింటికి తిని పడుకుంటే ఇంకేం తగ్గుతుంది?

ఇప్పుడు అమ్మ ముందు బీరకాయ కూర, ముద్దపప్పు వడ్డిస్తోంది. అవి సగం అయ్యాకే అన్నం, అదీ కొలిచి. పీచు, ప్రొటీన్ ముందు కడుపులో పడితే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఏడున్నరకల్లా భోజనం ముగించి ఇద్దరూ కాలవగట్టు మీద నడుస్తున్నారు. చూస్తుంటే ఎంత సంతోషమో!

ఆవకాయ, ఎండుచేపల దగ్గరే గొడవంతా. షుగర్ ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు ఎక్కువ, ఉప్పుతో బీపీ కూడా పెరిగితే మరీ టెన్షన్. రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ జాడీని అమ్మ పై అలమరాలోకి మార్చేసింది. మందులు మాత్రం యథాతథం, మొన్నటి రిపోర్టులో 7.1.