"జలుబులాంటిదే అక్కా" అన్నాడు మా తమ్ముడు

మా తమ్ముడు టాంజానియాలో, మ్వాంజాలో చాలా ఏళ్లుగా ఉంటున్నాడు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలని, కార్డు మర్చిపోవద్దని పదిసార్లు చెప్పినవాడు, మలేరియా రాకుండా ముందే మాత్రలు వాడాలా అని అడిగితే మాత్రం "ఇక్కడ మలేరియా జలుబులాంటిదే అక్కా, అందరికీ వస్తుంది, పోతుంది" అన్నాడు. వాళ్ల ఇల్లు విక్టోరియా సరస్సు ఒడ్డునే. చీకటి పడేదాకా అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. వారం దాటాక నేనూ మావారూ సఫారీకి బయల్దేరాం.

సింహాల గురించి ఇంకెప్పుడైనా రాస్తాను. సెరెంగెటి నేషనల్ పార్కులో ఆఖరి రాత్రి, సెరొనెరా దగ్గర గుడారాల క్యాంపులో, ముద్ద నోట్లో పెట్టుకోలేక భోజనం ముందు నుంచి లేచి వచ్చేశాను. కాసేపటికి చలి పట్టుకుంది. రగ్గులన్నీ కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, వేడినీళ్ల సంచి పొట్టకు హత్తుకుంటే చర్మం చుర్రుమంటోంది గానీ లోపలి వణుకు ఆగదు. ఆ తర్వాత ఒళ్లు పెనంలా కాలిపోయింది, ఎప్పుడో పోయిన మా నాన్నతో మాట్లాడానట. బయట హైనాల అరుపులు. కాపలావాళ్ల తోడు లేకుండా గుడారం దాటకూడదు కాబట్టి మావారు జిప్పు తీసి టార్చి ఊపారు. కాపలా అతను మా డ్రైవర్‌ని లేపుకొచ్చాడు. డ్రైవర్ నా నుదురు ముట్టుకుని "మలేరియా" అన్నాడు, అంతే. కానీ సాయంత్రం 7 దాటితే పార్కులో బండి తీయకూడదు, తెల్లారి 6 దాకా ఆగాల్సిందే. పసుపు గుడ్డ ఎక్కడిది, జేబురుమాలులోనే షిల్లింగు బిళ్ల కట్టి, ఏడుకొండలవాడికి మొక్కుకుని నా తలగడ కింద పెట్టారు మావారు. డ్రైవర్ గుడారం బయట కుర్చీ వేసుకుని రాత్రంతా కూర్చున్నాడు. కన్నబిడ్డలైనా అంత చేస్తారో లేదో.

ఆరింటికి బయల్దేరాం. న్గోరోంగోరో అగ్నిపర్వత లోయ చూడాలన్నది నా ఎన్నాళ్ల కోరికో, దాని అంచు మీదుగానే వెళ్లినా కళ్లు తెరవలేకపోయాను. కరాటు అనే ఊరి ఆసుపత్రిలో వేలి చివర రక్తపు బొట్టు తీసి చూస్తే ఫాల్సిపారమ్, మలేరియాలో ప్రాణాంతకమైన రకం. ఆర్టెసునేట్ అనే మలేరియా మందు ఇంజెక్షన్లు, తర్వాత పాలతో మాత్రలు. అక్కడి డాక్టరమ్మ చెప్పిన మాట విన్నాక నాకు కోపం ఆగలేదు. చిన్నప్పటి నుంచీ పదే పదే వచ్చినవాళ్ల ఒంటికి కొంత తట్టుకునే శక్తి ఉంటుందట, మనలా కొత్తగా వెళ్లినవాళ్లకు ఉండదు, ఇంకో రోజు ఆలస్యమైతే మెదడుకు ఎక్కేదేమో అంది. జలుబట జలుబు!

విమానం తేదీ మార్చుకుని, కిలిమంజారో ఎయిర్‌పోర్టు నుంచి దోహా మీదుగా వీల్ చెయిర్‌లో హైదరాబాద్ చేరాను. ఇక్కడి డాక్టర్ కరాటు కాగితాలు చూసి, వైద్యం సరిగ్గా జరిగిందన్నారు. నీరసం, జుట్టు రాలడం మాత్రం చాన్నాళ్లు వదల్లేదు.

తమ్ముడు ఫోన్లో ఏడ్చాడు. వాడి మీద ప్రేమ ఎక్కడికి పోతుంది, కానీ ఆ మాట నాకింకా మింగుడు పడలేదు. వచ్చే నెల ముడుపు చెల్లించడానికి తిరుమల వెళ్తున్నాం, ఆ డ్రైవర్ పేరు మీద కూడా అర్చన చేయిస్తాను. ఆఫ్రికా వెళ్లేవాళ్లు మాత్రం అక్కడి చుట్టాలను కాదు, డాక్టర్‌ని అడగండి. నివారణ మాత్రలు వెళ్లే ముందే మొదలుపెట్టాలి, కొన్నిటిని తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. ఇంటికొచ్చిన నెలల తర్వాత జ్వరం వచ్చినా సరే, ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టర్‌కి మొట్టమొదటే చెప్పండి.