బ్రేకింగ్ కాని లెక్క

2025 సెప్టెంబర్ 20, శనివారం. మర్నాడే ఎంగిలిపూల బతుకమ్మ. వరండాలో కూర్చుని గునుగు పూల కాడలు సమంగా కత్తిరించి కట్టలు కడుతున్నాను. లోపలి నుంచి మా సారు కేక వేశారు. మా ఆయన జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పారు, అందుకే ఇంట్లోనూ ఆయన సారే.

"ఇగో, ఇటు రా! అమెరికా హెచ్‌-1బీ వీసాకు ఏటా 88 లక్షలు కట్టాల్నట. బిడ్డ కొలువు అయిపోయినట్టే."

టీవీలో ఎర్రక్షరాలు, మూలన తిరుగుతున్న గడియారం, ఎగిరే విమానం, వెనక యుద్ధం సినిమా మ్యూజిక్. ఛానల్ మార్చారు. అక్కడా అదే, విమానం మాత్రం ఇంకో వైపు ఎగురుతోంది.

మా పక్కింటి అబ్బాయి చెల్లెలి నిశ్చితార్థం కోసం అమెరికా నుంచి వచ్చి నాలుగు రోజులే అయింది. మన లెక్కన ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరలోగా అమెరికా గడ్డ మీద కాలు పెట్టకపోతే ఇక అంతేనని వాళ్ల కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందట. హనుమకొండ నుంచి శంషాబాద్‌కే మూడున్నర గంటలు. ఏ లెక్కన చూసినా అందదు. అయినా లక్షా డెబ్బై వేలు పెట్టి టికెట్ కొన్నాడు. వాళ్లమ్మ ఏడుస్తూనే సకినాలు మూట కట్టింది. పిల్లవాడు దోహాలో దిగేసరికి వైట్‌హౌస్ వివరణ వచ్చింది: ఈ లక్ష డాలర్లు ఏటా కట్టేది కాదు, ఒక్కసారే. అదీ కొత్త దరఖాస్తులకే. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లు ఎప్పటిలాగే వెళ్లి రావచ్చు.

ఆదివారం సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడుతుంటే, పాట మధ్యలో కూడా ఆడవాళ్ల నోట ఇదే మాట.

ఇందులో తప్పంతా ఛానళ్లదేనని అనను. "ఏటా" అన్న మాట అమెరికా వాణిజ్య మంత్రి లట్నిక్ నోటి నుంచే వచ్చింది. సంతకమైన ఉత్తర్వులో ఆ మాట లేదు. నేను ఖజానా శాఖలో పనిచేసి రిటైరైన దాన్ని. మాకు మొదటి రోజే నేర్పింది ఒకటే: జీవో చదువు, ప్రెస్‌మీట్ చూడకు. మంత్రి ఏం చెప్పినా, కాగితం మీద ఏముందో దాన్ని బట్టే బిల్లు పాసవుతుంది. ఆ రోజు ఇక్కడి ఛానళ్లలో గానీ, అక్కడి పెద్ద ఛానళ్లలో గానీ కాగితం తీసి చదివేంత ఓపిక ఎంతమందికి ఉందో నాకు అనుమానమే.

నేనీ పోస్టు రాయడానికి కారణం మాత్రం వీసా కాదు. ఆ తర్వాత పది రోజులకు జరిగింది.

అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వానికి కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైంది, బడ్జెట్ మాత్రం లేదు. ఖజానాకు తాళం పడింది, వాళ్ల మాటలో షట్‌డౌన్. నవంబర్ 12 దాకా 43 రోజులు. అప్పటిదాకా వాళ్ల చరిత్రలోనే అతి పొడవైన మూత. మన ఛానళ్లలో ఇది అర నిమిషం వచ్చింది, అంతలో బిగ్‌బాస్ ప్రోమో. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా సర్వీసంతా ఏ పద్దు కింద ఎంత ఉంది, లేకపోతే బిల్లు ఎట్లా వాపస్ చేయాలి అన్నదే పని. మన దగ్గర చట్టసభ ఒప్పుకోనిదే సంచిత నిధి నుంచి పైసా తీయకూడదని రాజ్యాంగం చెబుతుంది. వాళ్ల రాజ్యాంగంలోనూ దాదాపు అదే వాక్యం ఉంది, మొదటి అధికరణం తొమ్మిదో సెక్షన్‌లో. తేడా ఎక్కడంటే, మనకు బడ్జెట్ ఆలస్యమైతే ఓటాన్ అకౌంట్ ఉంది, అంటే అది పాసయ్యేదాకా ఖర్చుకు ముందస్తు అనుమతి. వాళ్లు ఏటా 12 ఖర్చు బిల్లులు పాస్ చేయాలి. అన్నీ వేళకు పాసైంది ఆఖరుసారి 1996లో. అప్పటి నుంచి తాత్కాలిక తీర్మానాలతో ఈడ్చుకొస్తున్నారు, అవి కూడా కుదరనప్పుడు తాళం. మా ఎస్‌టీఓ (సబ్ ట్రెజరీ ఆఫీసర్) గారు బతికుంటే "గింత పెద్ద దేశానికి గీ బాధేందమ్మా" అనేవారు.

తాళం పడిన ఆ రోజుల్లోనే, అక్టోబర్ మధ్యలో, వాళ్ల ట్రెజరీ సంవత్సరపు లెక్క బయటపెట్టింది. నెలనెలా ఒక స్టేట్‌మెంట్ వేస్తారు. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రిటైరయ్యాక నాకున్న దుర్వ్యసనం ఇదొక్కటే. కొందరు సీరియల్ చూస్తారు, నేను ఇది చూస్తాను.

అందులో అంకెలు ట్రిలియన్లలో ఉంటాయి, చూడగానే కళ్లు తిరుగుతాయి. మనకో సులువుంది. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. అందులో "కోట్లు" కొట్టేయండి, "డాలర్లు" బదులు రూపాయలనుకోండి. ఒక ఇంటి లెక్క అయిపోతుంది. 2025 ఆర్థిక సంవత్సరంలో ఆ ఇంటి ఆదాయం 5 లక్షల 23 వేలు. ఖర్చు 7 లక్షల వెయ్యి. లోటు లక్షా 78 వేలు. అంటే ఖర్చు పెట్టిన ప్రతి వంద రూపాయల్లో పాతిక అప్పు తెచ్చిందే. అప్పటికే నెత్తిన ఉన్న అప్పు 37 లక్షలు దాటింది, ఆ అక్టోబర్‌లోనే 38 దాటింది. దాని మీద వడ్డీ, రావలసినవి పోను, 97 వేలు. ఇంటి కాపలాకు, అదే రక్షణకు, పెట్టే ఖర్చు 90 వేల దరిదాపు. కాపలా కంటే వడ్డీ ఎక్కువైన ఇల్లు!

ఈ లెక్క చెబితే డాలస్‌లో ఉన్న మా అమ్మాయి నవ్వుతుంది. "అమ్మా, సర్కారు అప్పు, ఇంటప్పు ఒకటే ఎట్లయితది? డాలర్ వాళ్లే ముద్రించుకుంటరు కదా."

"ముద్రించుకుంటరు బిడ్డా. మరి 2022 జూన్‌ల ధరలు 9.1 శాతం పెరిగినప్పుడు కోడిగుడ్లు కొనలేకపోతున్నమని నువ్వే గదా ఫోన్ చేసింది?"

"అది కరోనా, యుద్ధం…"

"అందుల కొంత అదే. కొంత ముద్రించింది."

ఇక్కడికి వచ్చేసరికి పిల్ల ఏడ్చిందనో, మీటింగ్ ఉందనో ఫోన్ పెట్టేస్తుంది. "నువ్వు రిపబ్లికన్‌వి అయిపోయినవమ్మా" అని ఆమె ఫిర్యాదు. నాకక్కడ ఓటు లేదు. ఖర్చు దగ్గర మాత్రం ఛాందసురాలిని, ఒప్పుకుంటాను. బోరు వేయడానికి, పిల్ల చదువుకు అప్పు చేస్తే అర్థముంది. నెలనెలా కూరగాయలకు అప్పు చేసే ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు.

సర్కారు సొమ్ము ఎట్లా పోతుందో చదివి తెలుసుకోలేదు, మార్చి నెలల్లో కళ్లారా చూశాను. ఆ ఏడాదికిచ్చిన డబ్బు మార్చి 31 లోగా ఖర్చు కాకపోతే ల్యాప్స్, అంటే వెనక్కి పోతుంది. మార్చి 28 నుంచి 31 దాకా కౌంటర్ ముందు అటెండర్లు బిల్లుల కట్టలతో వరుస కట్టేవాళ్లు. "మేడం, ల్యాప్స్ అయితది, టోకెన్ ఇయ్యుండ్రి." ఓ ఏడాది ఒక శాఖ 60 ఇనుప బీరువాల బిల్లు పెట్టింది. ఆ శాఖ ఆఫీసులో ఉన్నది నాలుగు గదులు. ఆబ్జెక్షన్ రాసి వాపస్ చేశాను. సాయంత్రానికి పై నుంచి ఫోన్, రాత్రి పదింటికి బిల్లు పాస్. రెండేళ్ల తర్వాత అటు వెళ్తే బీరువాలు ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా వరండాలో ఉన్నాయి. పైన పావురాలు. అమెరికాలో మార్చి బదులు సెప్టెంబర్, అంతే తేడా. అక్కడి సర్కారు కొనుగోళ్ల కాంట్రాక్టుల లెక్క తీసిన ఆర్థికవేత్తలు, ఆఖరి వారంలో ఖర్చు మామూలు వారానికి దాదాపు 5 రెట్లు ఉంటుందని తేల్చారు. అది చదివినప్పుడు నాకు ఆ పావురాలే గుర్తొచ్చాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎకరానికి ఇంత అని సర్కారు పెట్టుబడి సాయం ఇచ్చినప్పుడు, న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న మా చుట్టాలాయన ఖాతాలోనూ డబ్బు పడింది. పరకాల దగ్గర ఆయన పొలం కౌలుకు చేసే రైతుకు మాత్రం పడలేదు. ఆ చుట్టాలాయనే వాట్సాప్‌లో ఎప్పుడూ ఉచితాల మీద తిట్ల మెసేజీలు పంపుతుంటారు.

ఇప్పుడు వార్తల సంగతి. 2025 జూలైలో అమెరికా పార్లమెంటు ప్రజా రేడియో, టీవీలకిచ్చే డబ్బు కోసేసింది. ఎన్‌పీఆర్, పీబీఎస్‌లకు చేరే డబ్బది. 110 కోట్ల డాలర్లు, రెండేళ్లకు కలిపి. ఎంత గొడవ! ప్రజాస్వామ్యం కూలిందని ఒకరు, దేశం బాగుపడిందని ఇంకొకరు. వారాల తరబడి చర్చలు. మన ఇంటి లెక్కలో ఇదెంతో చూడండి. 110 రూపాయలు. 7 లక్షల ఖర్చున్న ఇంట్లో, 97 వేల వడ్డీ కట్టే ఇంట్లో, 110 రూపాయల కోసం కొట్టుకున్నారు.

ఆ కోత సరైనదేనని నా అభిప్రాయం. ఆకాశవాణి వింటూ పెరిగినదాన్నే, అయినా సర్కారు జీతమిచ్చే వార్తల మీద నాకు నమ్మకం లేదు. ఎన్‌పీఆర్‌లో పాతికేళ్లు పనిచేసిన ఉరి బెర్లినర్ అనే సీనియర్ ఎడిటర్ 2024 ఏప్రిల్‌లో ఒక వ్యాసం రాశాడు. వాషింగ్టన్‌లో సంపాదకీయ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల ఓటరు నమోదు తాను వెతికితే డెమోక్రాట్లు 87 మంది, రిపబ్లికన్లు సున్నా అని. సస్పెండ్ చేశారు, ఆయన రాజీనామా చేశాడు. అందరి పన్నూ కొంత చేరేచోట ఆ సున్నా ఎట్లా వచ్చిందని లోపలివాళ్లు ముందే అడగాల్సింది. కానీ దాన్ని పొదుపు అని మాత్రం నాకు చెప్పొద్దు. 110 రూపాయలు మిగిల్చి చంకలు గుద్దుకునే అకౌంటెంట్‌ని ఎక్కడా చూడలేదు.

కుడివైపు ఛానళ్లు ఏమన్నా తక్కువ తిన్నాయా? 2020 ఎన్నికల్లో ఓట్ల యంత్రాల మీద అబద్ధాలు ప్రసారం చేసినందుకు ఫాక్స్, డొమినియన్ కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు కట్టి కేసు రాజీ చేసుకుంది. 2023లో. 1970లలో 70 శాతం దరిదాపు అమెరికన్లు వార్తలను నమ్మేవారు. 2025లో సర్వే సంస్థ గ్యాలప్ అడిగితే 28 శాతం. ఆశ్చర్యమేముంది, మా సారు కూడా ఏదీ నమ్మరు. అన్నీ చూస్తారు, అదే తేడా.

నా కోపం అసలు "మనవాళ్ల" మీద, అంటే పొదుపు మాట చెప్పే రిపబ్లికన్ల మీద. రీగన్ 1981లో అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తూ, ఈ సంక్షోభానికి ప్రభుత్వం పరిష్కారం కాదు, ప్రభుత్వమే సమస్య అన్నాడు. ఆ వాక్యం నాకిష్టం. ఆయన వచ్చినప్పుడు అప్పు లక్ష లోపు (ఇంటి లెక్కలోనే చెబుతున్నాను), దిగిపోయేసరికి దాదాపు రెండు లక్షల 70 వేలు. ఆ తర్వాత నాలుగేళ్లు వరసగా మిగులు చూపించింది 1998 నుంచి 2001 దాకా, అదీ డెమోక్రాట్ అధ్యక్షుడు, రిపబ్లికన్ చట్టసభ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆపినప్పుడు. ఖర్చులు కోసే పని మీద 2025లో వచ్చిన మస్క్ రెండు లక్షలు తగ్గిస్తానన్నాడు. కొన్ని నెలల పాటు ఎవరిని తీసేశారు, ఏ ఆఫీసు మూసేశారు అన్నదే వార్త. మే చివర్లో ఆయన వెళ్లిపోయాడు. ఏడాది గడిచాక మొత్తం ఖర్చు చూస్తే అంతకుముందు ఏడాది 6 లక్షల 75 వేలు ఉన్నది 7 లక్షలు దాటింది. ఎందుకంటే వృద్ధుల పెన్షన్‌కే లక్షన్నర పైన, వైద్యానికి ఇంకో లక్షన్నర పైన, తర్వాత వడ్డీ, రక్షణ. అసలు మూట అక్కడుంది. దాని మీద చెయ్యి వేస్తే ఓట్లు పోతాయి కనుక రెండు పార్టీలూ జంకుతాయి. జూలై 4న సంతకమైన పెద్ద చట్టం, వాళ్ల పార్లమెంటు బడ్జెట్ ఆఫీసు అంచనా ప్రకారం, పదేళ్లలో లోటును ఇంకో 3 లక్షల 40 వేలు పెంచుతుంది. దాన్ని పాస్ చేసింది పొదుపు పార్టీయే.

నేను మాత్రం పెద్ద పుణ్యాత్మురాలినా? నా పెన్షన్ ఒకటో తారీఖు దాటితే ఇల్లంతా వినబడేలా నేనే అరుస్తాను. డీఏ బకాయిల లెక్క నా డైరీలో ఉంది, ఎర్ర సిరాతో. నాలాంటి కోట్ల మంది అక్కడా ఉన్నారు, వాళ్ల డైరీలూ వాళ్లకున్నాయి. బిల్లుకు ఆబ్జెక్షన్ రాయడం తేలికే, ఆ బిల్లు నా పేరున లేనప్పుడు.

మొన్న మళ్లీ ఒక వాట్సాప్ వచ్చింది, అమెరికా నుంచి పంపే ప్రతి డాలర్ మీద పన్ను అని. చదివి చూశాను. 2026 జనవరి నుంచి 1 శాతం, అదీ నగదు, మనీ ఆర్డర్, అట్లాంటివి ఇచ్చి పంపేవాళ్లకు. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. కాలనీ గ్రూపులో ఆ సంగతి పెట్టాను. ఇద్దరు బొటనవేలు చూపించారు. పాత మెసేజీని మాత్రం ఆ సాయంత్రానికే ఇంకో ముగ్గురు ఫార్వర్డ్ చేశారు.

ఆ రాత్రి స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చుంటే మా సారు టీవీ సౌండ్ తగ్గించి అడిగారు. "ఎంతైందే అప్పు?"

చెప్పాను.

కాసేపు స్క్రోలింగ్ వంక చూశారు. "ఇండ్ల వస్తలేదే," అని సౌండ్ పెంచారు.