మిద్దె మీద ఇంకో మిద్దె

ఏప్రిల్‌లో మా కడపలో రాత్రి పదకొండైనా శ్లాబు ఇల్లు చల్లబడదు. పగలంతా ఎండ తాగిన శ్లాబు ఆ వేడిని రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడే మొహాన కొడుతుంది. అమ్మ పుట్టిల్లు చవుడు మిద్దె. రెండడుగుల మందం రాతిగోడలు, పైన దూలాలు, వాటి మీద చవుడు మన్ను. "అందులో పెరిగి ఇందులో ఉడుకుతున్నా" అని ఏటా అనేది. కొత్తిల్లు అనగానే కాంక్రీటు వద్దంది.

నాకేమో కాంక్రీటంటే ప్రాణం. పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు అహ్మదాబాద్‌లోని విల్లా శోధన్ ఫోటో చూశాను. 1956లో పూర్తయిన ఇల్లు. లె కార్బూజియే అనే ఆర్కిటెక్టు దాన్ని మొదట హఠీసింగ్ అనే మిల్లు యజమాని కోసం గీస్తే, ఆయన ఆ ప్లాన్లను శోధన్‌కు అమ్మేశాడు. ఆ ఇంటి పైకప్పు నన్ను ఇప్పటికీ వదల్లేదు. గదుల మీద శ్లాబు ఉంటుంది, దానికి బాగా ఎత్తున గొడుగు పట్టినట్టు ఇంకో శ్లాబు. ఎండ దెబ్బంతా గొడుగుదే. రెండింటి మధ్య గాలి ఆడుతుంది. గోడల్లో లోతైన కాంక్రీటు గూళ్లు, కిటికీకి నీడ వాటిదే. తప్పు కాంక్రీటుది కాదని, దాన్ని ఎండకు నిలబెట్టే మనదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ గొడుగు శ్లాబులో ఒకచోట ఆకాశం కనబడేలా పెద్ద ఖాళీ వదిలారు. ఫోటోలో అది చూసి అమ్మ, "ఇది మన గవాచి గదరా!" అంది. చవుడు మిద్దెకు వెలుతురు కోసం పైన వదిలే కంతే గవాచి. ఆ మాటతో మా ఇంటి పని మొదలైంది.

పై శ్లాబు కోసం ఒక గది తగ్గించుకున్నాం. "నీడకు ఇంత ఖర్చా?" అన్నారు చుట్టాలు. పీఓపీ సీలింగుకు లక్షలు పోసేవాళ్లు ఆ మాట అంటే బాధేసింది.

ఇంటి ముందువైపు కాంక్రీటు గోడకు ప్లాస్టరింగ్ వద్దన్నాను. "గోడ బోసిగా ఉంటుంది సార్" అని మేస్త్రి చాలా నచ్చజెప్పాడు. మొదటిసారి సెంట్రింగ్ చెక్కల సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయి, ఒక మూల కంకర తేలింది. దాన్ని పూడ్చాం, ఆ మచ్చ ఇంకా తెలుస్తోంది. తర్వాత సందులన్నిటికీ టేపు వేసి పోశాం. చెక్కలు విప్పిన పొద్దున మేస్త్రే నన్ను పిలిచాడు. చెక్క గీతలు, ముడులు, ఒకచోట మేకు తల గుర్తు, అన్నీ గోడ మీద అచ్చు పడ్డాయి. అతను ఒక ముడి మీద వేలు పెట్టి గుండ్రంగా తిప్పి, "ఇది నేను కోసిన చెక్కే సార్" అన్నాడు. మళ్లీ ప్లాస్టరింగ్ ఊసెత్తలేదు.

నేలకు మన కడప బండలే పరిచాం. మధ్యాహ్నం అమ్మ రెండు శ్లాబుల మధ్య మంచం వేసుకుంటోంది. వడియాలకు మాత్రం అక్కడ ఎండ చాలడం లేదంటూ చాప పడమటి అంచుకు జరుపుతుంది.