మార్చి ఒకటో తేదీ అనే జన్యువు

గుంటూరులో బయోటెక్నాలజీ చదివి బెంగళూరులో ఒక ల్యాబ్‌లో చేరాను. పైపెట్ పట్టడం వచ్చు, కోడ్ రాయడం రాదు. నాకిచ్చిన మొదటి పనేమో పూర్తిగా కంప్యూటర్ మీదే. ఫ్లూ టీకా వేసుకున్నవాళ్ల రక్తం తాలూకు ఆర్ఎన్ఏ డేటాను జన్యువుల డేటాను అందరికీ అందుబాటులో ఉంచే జియో (GEO) డేటాబేస్ నుంచి దించుకుని, టీకాకు ముందుకీ ఏడో రోజుకీ ఏ ఇమ్యూనిటీ జన్యువుల పని పెరిగిందో, తగ్గిందో తేల్చాలి.

ఆ తేడాలు లెక్కగట్టే డీసీక్2 అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికే మా మారతహళ్లి పీజీ వైఫై దయవల్ల ఒక సాయంత్రం పోయింది. తీరా నార్మలైజ్ చేసిన, అంటే శాంపిళ్లను పోల్చడానికి వీలుగా ముందే సర్దిన అంకెలిస్తే, పూర్ణాంకాలే కావాలని మొండికేసింది. తప్పు నాదే. ఒక్కో జన్యువుకు ఎన్ని రీడ్స్ (యంత్రం చదివిన ఆర్ఎన్ఏ ముక్కలు) పడ్డాయన్న ముడి లెక్క మీదే దాని గణితం నడుస్తుంది.

ముడి లెక్కల ఫైలు దించుకుని, అక్కర్లేని కాలమ్స్ తీసేద్దామని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశాను. ఈసారి ఆర్ (R), అదే డీసీక్2 నడిచే ప్రోగ్రామింగ్ భాష, ఆ ఫైలు తెరవనే లేదు. రెండు వరసలకు ఒకే పేరుందట! వెతికితే రెండు చోట్ల '01-మార్' అని తేదీ కనిపించింది. జన్యువుల జాబితాలోకి తేదీ ఎలా వచ్చిందా అని చాలాసేపు బుర్ర గోక్కున్నాను. మార్చ్1 (MARCH1), మార్క్1 (MARC1) అని రెండు వేర్వేరు జన్యువులున్నాయి. ఎక్సెల్ రెండింటినీ తేదీలనుకుని మార్చి ఒకటి చేసేసింది. ఇక ఏది ఏదో వెనక్కి చెప్పలేం. పైగా మార్చ్1 మామూలుది కాదు, సూక్ష్మజీవుల ముక్కలను టి కణాలకు చూపించే ఎంహెచ్‌సీ-2 ప్రొటీన్‌ను కణం పైనుంచి తగ్గించేది అదే. నేను వెతుకుతున్న బాపతే! ఈ గొడవ పడలేకే 2020 నాటికి ఇలాంటి జన్యువుల పేర్లే మార్చేశారు. మార్చ్1 ఇప్పుడు మార్చ్ఎఫ్1. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు కాబట్టి మన జన్యువులే సర్దుకుపోవాల్సి వచ్చిందన్నమాట. నా ఫైల్లో మాత్రం పాత పేర్లే.

మళ్లీ దించుకుని, ఎక్సెల్ జోలికి పోకుండా ఆర్‌లోనే చేశాను. జాబితా వచ్చింది. పైన టీఎన్‌ఎఫ్‌ఆర్‌ఎస్‌ఎఫ్17 అనే జన్యువు, యాంటీబాడీ జన్యువులు. సంబరంగా మా సీనియర్ అక్కకు చూపించాను. ఆవిడది అనంతపురం.

"ఏమ్మా, జీన్ పెరిగిందా, కణాలు పెరిగినాయా?"

నోట మాట రాలేదు. టీకా వేసిన వారానికి యాంటీబాడీలు చేసే ప్లాస్మా కణాలు రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. ఒక్కో కణంలో ఏమీ మారకపోయినా, కణాలు ఎక్కువైతే చాలు, వాటిలో పనిచేసే ఆ జన్యువులన్నీ పెరిగినట్టే కనిపిస్తాయి. అక్క సైబర్‌సార్ట్ నడపమంది. అది 547 జన్యువుల ఆధారంగా 22 రకాల తెల్ల రక్తకణాల వాటాను అంచనా వేస్తుంది. ప్లాస్మా కణాల వాటా నిజంగానే పెరిగింది. దాన్ని కూడా డీసీక్2 లెక్కలో కలిపితే నా జాబితాలో పైనున్నవి చాలావరకు కిందికి జారిపోయాయి.

మిగిలినవాటిలో మార్చ్1 ఉందేమోనని ప్రత్యేకంగా వెతికాను. లేదు.