రామప్ప ఇటుక ప్రశ్న కాగితం మీద వద్దు

ఈ పిల్ల చూసి నేర్చుకునే రకం, ఆ పిల్లగాడు విని నేర్చుకునే రకం, ఎవరికి తగ్గ పరీక్ష వాళ్లకు పెట్టాలె అని ట్రైనింగుల్లో చెప్తుంటారు. వినడానికి బాగానే ఉంటది. కానీ 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేసి, అట్ల రకాలు కట్టి చెప్తే లాభమనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పరీక్షలు మార్చాల్సిందే, కాకపోతే పాఠంలో ఏది అడుగుతున్నామో దాన్నిబట్టి. అన్ని రకాల పరీక్షలూ అందరికీ.

తొమ్మిదో తరగతి సాంద్రతే చూడండి. సూత్రం, ప్రమాణం వచ్చా రాదా తెలియడానికి బిట్లు చాలు. నాలుగు ఆప్షన్లతో 20 బిట్లిస్తే ఏమీ చదవనివాళ్లకూ గుడ్డిగా సగటున 5 పడతాయి. అందుకే కింద ఒక గీత వదిలి, కారణం రాస్తేనే పూర్తి మార్కు వేయాలి.

రామప్ప గుడి శిఖరం ఇటుక నీళ్లలో ఎందుకు తేలుతది అన్నది మాత్రం నోటితో అడగాల్సిందే. "తేలికగా ఉంటది సార్" అంటారు. "ఇనుప మేకు ఇటుక కన్నా తేలికే కదా, మరి అదెందుకు మునుగుతది?" అని వెంటనే అడగాలి. అప్పుడు ఘనపరిమాణం మాట ఎత్తారంటే అర్థమైనట్టే. ఏ జవాబు వస్తదో చూసి అడిగే ఈ రెండో ప్రశ్న పేపర్లో ముందే అచ్చు వేయలేం.

మనిషికి 3 నిమిషాలనుకున్నా 40 మందికి రెండు గంటలు. ఒక్క పీరియడ్‌లో ముగించాలని ఉరికితే చివరివాళ్లకు అన్యాయం. రోజుకు పది మంది చొప్పున నాలుగు రోజులు పెట్టుకోండి. బయటికి పోయినవాళ్లు ప్రశ్నలు చెప్పేస్తారు, అందుకని ఒకే స్థాయివి డజను చీటీలు రాసి తీయించాలి. 5 మార్కులనూ ముందే పంచుకోవాలి: జవాబుకు 2, కారణానికి 2, సొంత ఉదాహరణకు 1. లేకుంటే గలగలా మాట్లాడేవాళ్లకే మార్కులు పోతాయి.

ఉట్నూరు, ములుగు వైపు ఇంట్లో గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలు రాతలో తడబడొచ్చు. వాళ్లకు తెలియదని రాసేయకండి. తరగతి మొత్తానికీ గ్లాసు నీళ్లు, మేకు, చెక్కముక్క ఇచ్చి, ఏది తేలుతదో ముందు చెప్పించి, తర్వాత వేయించండి. ముందు చెప్పించకుంటే అందరూ చూసిందే చెప్తారు.

ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో బడిలోనే చేసే మూల్యాంకనం) ప్రాజెక్టు చార్టు దుకాణంలో కొన్నదా, చేసిందా అని ఆరా తీస్తూ కూర్చోనక్కర్లేదు. "ఈ అంకె ఎట్లా వచ్చింది?" అని అడిగితే చాలు. చెప్పలేకపోతే స్కెచ్ పెన్నుల రంగులకు మార్కులెందుకు?