మిసిసిపీ పొంగిన వారంలో వాలై వేట

ఏప్రిల్ వచ్చిందంటే మా ఫిషింగ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట. "రివర్ లెవెల్ పెరిగిందట, ఈ వారానికి వేట బంద్." మంచు కరిగిన నీళ్లతో మిసిసిపీ ఒడ్డు చెట్లను ముంచుకుంటూ పోతుంటే పడవ దింపడానికి భయపడటంలో తప్పేమీ లేదు. కానీ నాకు పడవ బయటికి తీయాలనిపించేది సరిగ్గా అప్పుడే. నీళ్లు పెరిగినకొద్దీ నది పెద్దదవుతుంది, చేపలు నిలబడే చోట్లు మాత్రం తగ్గిపోతాయి. మామూలు రోజుల్లో మైళ్ల పొడవునా చెదిరి ఉండే వాలై చేపలు ఆ వారంలో ఒడ్డు పక్కన, నీళ్లు మెల్లగా కదిలే చోట గుమిగూడతాయి. ఈ సంగతి నమ్మనివాళ్లు ఎంతమంది ఉంటే నాకు అంత మంచిది అనుకోండి, అయినా చెబుతున్నాను.

నేను వెళ్లేది రెడ్‌వింగ్ దగ్గరికి. మిన్నియాపొలిస్ నుంచి ఆగ్నేయంగా గంట ప్రయాణం. నదికి ఇటు మిన్నెసోటా, అటు విస్కాన్సిన్. ఊరికి కాస్త ఎగువన 1930లలో కట్టిన మూడో నంబర్ లాక్ అండ్ డ్యామ్ ఉంది. దాని దిగువ నుంచి విస్కాన్సిన్‌లోని ఆల్మా దగ్గరున్న నాలుగో డ్యామ్ దాకా ఉన్న నీటిని పూల్ ఫోర్ అంటారు. దాని మధ్యలో ఇరవై మైళ్లకు పైగా పొడవున్న లేక్ పెపిన్. చిప్పెవా నది తెచ్చి పోసిన ఇసుక అడ్డుపడి, మిసిసిపీ వెనక్కి నిలిచి ఏర్పడిన సరస్సు అది.

మాది ధవళేశ్వరం. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఈ అంకెలు ఎక్కాలతో పాటే వచ్చేశాయి మాకు. అందుకే ఇక్కడికొచ్చాక కూడా రెడ్‌వింగ్ గేజి చూడటం నాకు అలవాటైపోయింది. తేడా ఏంటంటే, మన గోదావరి వానలకు జులై, ఆగస్టుల్లో పొంగుతుంది, ఇది మంచు కరిగితే మార్చి చివర్లో, ఏప్రిల్‌లో పొంగుతుంది. ఇక్కడి డ్యాములు వరదను ఆపడానికి కట్టినవి కావు. బార్జిలు, అంటే సరుకు పడవలు, తిరగడానికి తొమ్మిది అడుగుల లోతు నిలపడానికి కట్టినవి. వరదొస్తే గేట్లు నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తేస్తారు, నది తన దారిన తాను పోతుంది.

గోదావరికి ఎర్రనీరు వస్తే పులస ఎదురెక్కుతుందని మనకు తెలుసు కదా, వాలై కథ కూడా కొంచెం అలాంటిదే. కాకపోతే ఇది సముద్రం నుంచి వచ్చేది కాదు. చలికాలమంతా లేక్ పెపిన్‌లోనూ దాని ఎగువనా గడిపి, నీళ్లు నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే వేళకు గుడ్లు పెట్టడానికి పైకి వస్తుంది. ముందు మగచేపలు వస్తాయి. చిన్నవే, కానీ ఆకలి మీద ఉంటాయి. వెనకాల జన నిండిన పెద్ద ఆడచేపలు. రాళ్ల మీదే గుడ్లు పెడుతుందని చాలామంది అనుకుంటారు. పూల్ ఫోర్‌లో మాత్రం లంకల వెనక పాయల్లో మునిగిన గడ్డి మీదకు కూడా వెళ్తుంది. గుడ్లు వదిలేసి పోతుంది, కాపలా ఉండదు. ఆ తర్వాత నీళ్లు గబుక్కున తీస్తే గడ్డి బయటపడి గుడ్లు ఎండిపోతాయి. అంటే మనం భయపడే ఎత్తు నీళ్లు చాలా రోజులు నిలబడితేనే దానికి మేలు.

పోయిన వసంతంలో మా బావమరిది డాలస్ నుంచి వచ్చాడు. వాడికి టెక్సాస్‌లో బాస్ చేపలు పట్టడం వచ్చు, వరద నది కొత్త. మెయిన్ ఛానెల్ వదిలేసి విస్కాన్సిన్ ఛానెల్ అనే పక్కపాయలోకి పడవ తిప్పాను. ఒడ్డున మేపుల్ చెట్లు మొదళ్ల దాకా నీళ్లలో ఉన్నాయి. వాడు లోతు చూపే సోనార్ తెర చూసి ముఖం చిట్లించాడు.

"బావగారూ, ఇక్కడ మూడున్నర అడుగులు కూడా లేదండి. అటు ముప్పై అడుగుల లోతు వదిలేసి ఇక్కడికెందుకు తెచ్చారు?"

"లోతు చూడకురా, వేగం చూడు," అన్నాను.

చూపించాను కూడా. ఒడ్డు కొంచెం ముందుకు పొడుచుకొచ్చిన చోట, పడిపోయిన కాటన్‌వుడ్ చెట్టు ఒకటి అడ్డంగా ఉంది. దాని అవతల నీళ్లు పుల్లలూ నురుగూ మోసుకుంటూ పరుగు తీస్తున్నాయి. ఇవతల ఓ కారు పట్టేంత మేర నీరు తీరిగ్గా వెనక్కి తిరుగుతోంది. ఆ రెండింటి మధ్య నురుగు ఒక గీతలా నిలబడి ఉంది. చేప ఆ గీతకు ఇవతల, అడుగున ఉంటుంది. ఎదురీదే శ్రమ లేకుండా, పక్కనుంచి కొట్టుకొచ్చే చిన్న చేపను అందుకోవడానికి. బురద నీళ్లలో లోతు అవసరం కూడా లేదు దానికి. వాలై కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, అందుకే మసక నీళ్లలో దానికి బాగా కనిపిస్తుంది, ఎండకు చిరాకు. మిన్నెసోటా నది పైనుంచి తెచ్చి కలిపే బురద వల్ల పట్టపగలు కూడా అడుగున చీకటే. మూడడుగుల్లో హాయిగా ఉంటుంది.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అలాంటి మెల్లటి నీళ్లలో ఔన్సులో ఎనిమిదో వంతు జిగ్, అంటే సీసం తల ఉన్న గాలం, చాలు. దాని కొక్కేనికి ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న ఎర చేపను గుచ్చి, గీత అవతల వేసి, ప్రవాహమే దాన్ని ఇవతలికి తెచ్చేలా వదలాలి. రంగు మాత్రం కొట్టొచ్చినట్టు ఉండాలి, నారింజో చిలకపచ్చో. వేగం ఉన్న అంచుల్లో అయితే మూడు కన్నుల స్వివెల్, అంటే దారాలు కట్టే చిన్న లోహపు ముక్క, వాడతాను. ఒక కన్నుకు రాడ్ నుంచి వచ్చే లైన్, రెండో దానికి అడుగు పొడవున్న దారంతో రెండు మూడు ఔన్సుల సీసం, మూడో దానికి నాలుగడుగుల లీడరు దారమూ దాని చివర తేలే చేపబొమ్మ ఎరా. సీసం అడుగున టక్ టక్ మని తగులుతుంటే ఎర దాని పైన కాస్త ఎత్తులో ఆడుతుంది. మోటారు మెల్లగా పెట్టి ప్రవాహానికి ఎదురు పోవాలి, తొందర పనికిరాదు. నీళ్లు నలభై రెండు డిగ్రీలు ఉన్నప్పుడు చేప వెంటపడి తినదు.

బావమరిదికి మొదటి చేప తగిలినట్టు కూడా తెలియలేదు. బాస్ లాగా గుంజుతుందని ఎదురుచూస్తున్నాడు. వాలై చన్నీళ్లలో గుంజదు. జిగ్ ఎత్తబోతే తడిగుడ్డ పట్టుకున్నట్టు బరువుగా ఉంటుంది, అంతే. "పుల్లకు తగులుకుందండీ" అంటున్నాడు, ఆ పుల్ల తల ఊపింది. పైకి తెస్తే పదహారు అంగుళాల మగచేప. వీపు ముదురు ఆకుపచ్చ, పక్కలు పసిడి రంగు, తోక కింది కొసన సున్నం అద్దినట్టు తెలుపు. పట్టుకోగానే దాని వీర్యం పాలలా చేతి మీద కారింది. వాడు బాస్ పట్టే అలవాటుగా బొటనవేలు చేప నోట్లో పెట్టబోతే చెయ్యి లాగాను. దీని పళ్లు సూదులు, మొప్పల మూత అంచు కూడా కోస్తుంది.

తర్వాత వచ్చింది సాగర్ అనే చేప. వాలైకీ దీనికీ అక్కాచెల్లెళ్లంత దగ్గరి పోలిక, చాలామంది పొరబడతారు. వీపు రెక్క విప్పి చూడండి. వరసలుగా చుక్కలుంటే సాగర్. చుక్కల్లేకుండా వెనక మొదట్లో నల్లమచ్చ ఉంటే వాలై. తేడా తెలియాల్సిందే, ఎందుకంటే రూల్సు వేరు. మిన్నెసోటా లోపలి సరస్సుల్లో వాలై సీజన్ మే నెల మధ్యదాకా మూసి ఉంటుంది, ఈ సరిహద్దు నదిలో ఏడాదంతా తెరిచే ఉంటుంది. 2020 నుంచి ఈ పూల్స్‌లో వాలై, సాగర్ కలిపి రోజుకు నాలుగే. వాలై పదిహేను అంగుళాలకు తగ్గకూడదు, ఇరవై దాటినది ఒక్కటే ఉంచుకోవచ్చు. అయినా ఈ ఏడాది రూల్సు పుస్తకం ఓసారి చూసుకుని వెళ్లండి. నా మటుకు నేను జన ఉన్న పెద్దదాన్ని ఒక్కటి కూడా ఉంచను. చట్టం ఒప్పుకున్నా సరే. ఫొటో కోసం ఐదు నిమిషాలు గాల్లో ఊపేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ప్రమాదం మాట దాటేయను. వరదలో మొత్తం చెట్లే కొట్టుకొస్తాయి, సగం నీటి కిందే ఉంటాయి. అందుకే ఒకరు ఎప్పుడూ ఎగువకే చూస్తుండాలి. లంగరు ముక్కు నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే నీళ్లు పడవలోకి ఎక్కేస్తాయి. పైగా పక్కన కత్తి ఉండాలి, తాడు కోయడానికి. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద. ఆ చలి నీళ్లలో పడితే ఈత వచ్చినా చేతులు పనిచేయవు. డ్యామ్ కింద కట్టిన నిషేధపు బోర్డులు దాటే వీరులు ప్రతి ఏడూ కనిపిస్తారు, వాళ్లతో వాదించి లాభం లేదు. నీళ్లు ఇంకా గంటగంటకూ పెరుగుతుంటే నేనే వెళ్లను. పెరగడం ఆగి ఒకటి రెండు రోజులైతే బాగుంటుంది, చేపలు కూడా అప్పటికి కుదురుకుంటాయి. ట్రెంటన్ ఐలాండ్ ఇళ్ల పక్కన వెళ్లేటప్పుడు మోటారు బాగా తగ్గించండి. వాళ్ల మెట్ల దాకా నీళ్లున్నాయి, మీ అల వాళ్ల గుమ్మానికి తగులుతుంది.

ఆ రోజు నాలుగు చేపలు ఇంటికి తెచ్చాం. రేవులో డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలి, ఇంటికొచ్చాక ముళ్లు తీసి ముక్కలు కోశాను. మా ఆవిడ బియ్యప్పిండి, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి వేయించింది. వాలైకి అదే సరైన వంట. పిల్లలున్న ఇంట్లో మాత్రం పాదరసం గురించి ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచనలు చూసుకోండి, వాళ్లకు తక్కువసార్లే పెట్టమంటుంది. ఇక పులుసు సంగతి. నాకు చింతపండు పులుసు అంటే ప్రాణమే గానీ ఇది అందులో పడితే విడిపోయి గుజ్జయిపోతుంది. పులుసే కావాలంటే క్యాట్‌ఫిష్ పట్టుకోండి, అదే నదిలో కావలసినంత ఉంది.